సంచిలో రెండు బాడీలు

మార్చి 4

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. డెబ్బై నాలుగేళ్ళ వాడు ఒక మనిషి మీద కక్ష తీర్చుకోబోతున్నానని పుస్తకంలో రాసుకోవడం ఏమంత శోభ? పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. మూడోసారి సిరా వేలికి అంటుకుంది. ఎలాగూ అంటుకుంది కదా అని రాస్తున్నాను.

పొద్దున పోస్టులో ఒక ఫోటోల ప్రదర్శనకి పిలుపు కార్డు వచ్చింది. అట్టలాంటి మందపాటి కాగితం. పైన 'యాభై ఏళ్ళ ఛాయాచిత్రాలు' అని, కింద మా తోడల్లుడి పేరు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఆ పేరు నేను ఈ పుస్తకంలో రాయను. ఫోటోగ్రాఫర్లందరం వాణ్ణి ఫ్లాష్ అనేవాళ్ళం. పదిమంది చేరిన చోట తళుక్కుమనేవాడు, పని పడేసరికి ఆరిపోయేవాడు. వాడికీ నాకూ ముప్ఫై ఒక్కేళ్ళుగా మాటల్లేవు. మొగుళ్ళకి లేనప్పుడు పెళ్ళాలకి మాత్రం ఎందుకని, "ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు" అన్నాను మా ఆవిడతో. తొక్కలేదు.

కార్డు మీద అచ్చేసినది క్యారియర్ ఫోటో. మిల్లు గేటు, ఇనప ఊచలు. లోపల కార్మికుడు, బయట అతని భార్య. ఇద్దరి చేతులూ ఒకే క్యారియర్ మీద ఉన్నాయి. నాలుగు గిన్నెల క్యారియర్ ఆ ఊచల మధ్య పట్టదు. ఆ సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసింది, ఇద్దరూ ఇంకా వదల్లేదు. ఫోటో అంతే. ఎన్ని పత్రికలు వేశాయో, ఎన్ని గోడల మీద వేలాడిందో చెప్పలేను. ప్రతిసారీ కింద ఫ్లాష్ పేరే.

ఆ ఫోటో నాది.

ఇన్నాళ్ళూ నా దగ్గర ఆ ఒక్క మాట తప్ప మరేమీ లేదు. ఇవాళ ఉంది. ఇప్పటి సరదా ప్రకారం ఫోటోని అంచులతో సహా అచ్చేశారు. చుట్టూ నల్లటి అంచు. ఆ అంచులో ఎడమ పక్క, కిందికి, ఎలుక కొరికినంత తెల్లటి నొక్కు. ఒకే ఒక్క నొక్కు.

భూతద్దం పెట్టి పావుగంట చూశాను.

"ఏమిటండీ అంతసేపు? ఎవరిది శుభలేఖ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"మీ చెల్లెలి మొగుడిది. పెళ్ళి నేను చేస్తాను వాడికి," అన్నాను.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం ఆవిడకి పాత అలవాటు.

మార్చి 5

నొక్కు సంగతి రాయాలి. దానికి ముందు ఇంకో సంగతి.

నేను ఏనాడూ ఒక్క కెమెరాతో గుమ్మం దాటలేదు. మెడలో పొట్టి బెల్టుతో ఒకటి, భుజాన పొడుగు బెల్టుతో ఒకటి. ఒకటి రొమ్ముకి తగులుతుంది, ఒకటి తుంటికి. ఒకదాంట్లో పత్రికలకి నలుపు తెలుపు ఫిల్ము, రెండోదాంట్లో రంగుల ఫిల్ము. ఒక్కదాన్నే నమ్ముకున్నామా, సరిగ్గా ముప్ఫై ఆరో ఫోటో అయిపోయి రోలు మారుస్తున్నప్పుడే మంత్రిగారు మెట్ల మీద జారతారు. నలభై ఏళ్ళు మోసిన ఫలితంగా నా మెడ ఎడమకి ఒరిగిపోయింది. నన్ను కొత్తగా చూసినవాళ్ళు నేను వాళ్ళ మాట శ్రద్ధగా వింటున్నాననుకుంటారు.

లెన్సు తీసేసిన కెమెరాని మా పనివాళ్ళు బాడీ అంటారు. ఒకసారి బస్సులో సంచి పై అరలో పెట్టాను. పక్కాయన తన ట్రంకు పెట్టెని దాని మీదికి తోస్తున్నాడు. "అయ్యా, నెమ్మది! అందులో రెండు బాడీలున్నాయి," అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ముందు సీటు లేచింది. వెనక సీటు లేచింది. కండక్టరు బస్సుని తిన్నగా పోలీసు స్టేషనుకి తోలించాడు. కానిస్టేబుల్ సంచి విప్పకుండా కర్రతో పొడిచి, "ఎవరివి?" అన్నాడు.

"నావేనండి."

"రెండూనా?"

"రెండూ నావేనండి. ఒకటి పాతది. ఒకటి మొన్నీమధ్యది."

ఆ జవాబుకి ఇంకో గంట కూర్చోబెట్టారు.

మా ఆవిడ వాటిని సవతులనేది. "ఇద్దర్ని మోసుకు తిరుగుతారు, నన్ను మాత్రం సంచీ మోయమంటారు" అనేది. అంటూనే, మెడ ఒరుసుకుపోతోందని పాతదాని బెల్టుకి ఎర్ర గుడ్డ చుట్టి కుట్టింది.

సరే, నొక్కు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి. ఫిల్ము కడిగాక ఒక్కోసారి గీతలు కనిపిస్తాయి. తప్పు ఏ కెమెరాదో తెలిసేదెలా? గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర పుల్లంత ఆకురాయి అడిగి తెచ్చాను. కెమెరా వెనక తలుపు తీస్తే, ఫిల్ముకి వెలుతురు తగిలే చిన్న కిటికీ ఉంటుంది. దాని అంచు మీద పాతదానికి ఒక గాటు పెట్టాను, కొత్తదానికి రెండు. ఆ కెమెరాతో తీసిన ప్రతి ఫోటో పక్కనా ఆ గాటు పడి తీరుతుంది. అప్పటినుంచి వాటి పేర్లు ఒంటిగాటు, జంటగాటు.

ఫ్లాష్ అప్పుడు పక్కనే ఉన్నాడు. "పశువులకి వాతలు పెట్టినట్టు ఏమిటన్నయ్యా ఇది?" అని పడీ పడీ నవ్వాడు. వాడికి ఎప్పుడూ ఒకటే కెమెరా. "ఒక్కదాన్ని సరిగ్గా ఏలుకునేవాడికి రెండోది దేనికి?" అనేవాడు.

నవ్వరా నవ్వు. కార్డు మీద ఉన్నది ఒంటిగాటు.

మార్చి 6

మిల్లు మూసిన రోజు. పొద్దున తొమ్మిదైంది. లోపల మూడొందల మంది బయటికి రామని భీష్మించుకున్నారు. యాజమాన్యం గేటుకి తాళం వేసింది. బయట పెళ్ళాం బిడ్డలు, పోలీసులు, దుమ్ము. ఆ దుమ్ముకి ఫ్లాష్ ఒక్కగానొక్క కెమెరా షట్టరు బిగుసుకుపోయింది. "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ నా దగ్గరికి వచ్చాడు. అప్పటికే నేను క్యారియర్ ఫోటో తీసేశాను. ఒంటిగాటులో ఇరవై దాకా తీశాను. తీశాక, బరువుగా ఉందని, వాణ్ణి పట్టుకోమని ఇచ్చాను.

పట్టుకోమని.

మిగిలిన ఫిల్ములో వాడూ నాలుగు నొక్కి ఉంటాడు, కాదనను. రోలు తీసుకుని మధ్యాహ్నం బండికి పత్రికాఫీసుకి తనే వెళ్ళాడు. మర్నాడు కెమెరా తిరిగొచ్చింది, రోలు రాలేదు. మూడోనాడు మొదటి పేజీలో ఫోటో పడింది. కింద వాడి పేరు.

అడిగాను. "నేనే కదన్నయ్యా తీసింది," అన్నాడు, పాలు తాగే పిల్లాడిలా మొహం పెట్టి. దొంగతనానికి కాదు, ఆ మొహానికి మండింది నాకు. ఇంకా మండుతూనే ఉంది.

మార్చి 7

ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మూడింటిలో బాగా తిట్టాను. నాలుగోది పంపుతాను.

మార్చి 8

పంపాను. ప్రదర్శన పెడుతున్న వాళ్ళకి. గాటు సంగతి, ఆకురాయి సంగతి, పట్టుకోమని ఇచ్చిన సంగతి. కెమెరా నా దగ్గరే ఉందని, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని. చివర 'భవదీయుడు' అని రాశాను. కత్తి దింపేటప్పుడు కూడా మర్యాద ఉండాలి.

పోస్టు డబ్బాలో ఉత్తరం పడిన చప్పుడు విని తిరిగొస్తుంటే మెడనొప్పి లేదు. దారిలో ఎదురైన ప్రతివాడికీ నమస్కారం పెట్టాను. ఫ్లాష్ మైకు ముందు నిలబడి ఉంటాడు. ఎవరో చెవిలో ఏదో చెబుతారు. వాడి మొహంలో రంగు పోతుంది. నేను మొదటి వరసలో కూర్చుని ఆ మొహాన్ని ఫోటో తీస్తాను. రెండింటితోనూ తీస్తాను. రంగుల్లో ఒకటి, నలుపు తెలుపులో ఒకటి.

మార్చి 12

జవాబు లేదు. మా ఆవిడ కూడా ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పడం తప్ప వేరే మాట్లాడట్లేదు.

మార్చి 15

వచ్చింది! ప్రదర్శన చూసుకునే పిల్ల స్వయంగా వచ్చింది. పాతికేళ్ళుంటాయి. నగలవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చుకుంది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, "తాతగారూ, కెమెరా ఒకసారి ఇస్తారా?" అంది. ఇలాంటి మనిషి నాకు నచ్చుతుంది.

ఒంటిగాటు వెనక తలుపు తీసి చేతికిచ్చాను. నెగెటివ్‌ని బాగా పెద్దది చేసిన కాగితం పక్కన పరుచుకుని, అటు చూసి, ఇటు చూసి, "గాటు ఒక పక్కకి ఒరిగి ఉంది," అంది.

"ఆకురాయి జారింది. వేలు కూడా తెగింది. ఇదిగో మచ్చ."

మచ్చ కూడా చూసింది భూతద్దంతో. "ఇదే కెమెరా. అనుమానమే లేదు," అంది.

"కెమెరా నాది. అయితే ఫోటో ఎవరిది?"

ఆ పిల్ల కాగితం అంచు మీద వేలు పెట్టింది. "ఒంటిగాటులో ఇరవై తీశాక ఇచ్చానని రాశారు కదా తాతగారూ. క్యారియర్ ఫోటో ముప్ఫై ఒకటోది. ఫిల్ము అంచు మీద నంబరుంది."

"ఇరవై అని ఉజ్జాయింపుగా రాశాను. ముప్ఫై రెండు తీశాను. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది."

"ముప్ఫై రెండు."

"ముప్ఫై మూడేమో కూడా. ఆయనగారేమంటున్నాడు మరి?"

"అడిగాం. 'అన్నయ్య అన్నాడా? అయితే పేరు మార్చేయండి' అన్నారు. ఇంకేం చెప్పలేదు. మా పెద్దవాళ్ళు మాత్రం కంగారు పడుతున్నారు. ఈ ఒక్కటి ఆయనది కాకపోతే మిగతావి ఎవరివో అని. ప్రదర్శనే ఆపేద్దామంటున్నారు."

"ఆపేయండి," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ముప్ఫై ఒక్కేళ్ళు నానబెట్టిన మాట కదా.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల, "ఆ రోజు మీ రెండో కెమెరాలో తీసినవి ఉంటే ఇవ్వండి. మీరు గేటు ముందు ఉన్నారని అందరికీ తెలుస్తుంది," అంది. వెతుకుతానన్నాను. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను. గుమ్మం దాకా నేను వెళ్ళి చాలా ఏళ్ళయింది.

మార్చి 17

పదకొండింటికి ఫ్లాష్ వచ్చాడు. గొడుగు చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రమ్మంటావా అన్నయ్యా, ఇక్కడే తిట్లు తిని పొమ్మంటావా?"

"ఎన్ని తినగలవో దాన్నిబట్టి."

వచ్చి కూర్చున్నాడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. మేం పెట్టిన పేరు ఇప్పుడు ఇంకో రకంగా కుదిరింది. గోడకి తగిలించిన కెమెరాలు చూసి, "ఇంకా రెండేనా?" అన్నాడు.

"ఒకళ్ళ దగ్గర చెయ్యి చాపే గతి పట్టకుండా."

"చాపాను. ఇచ్చావు. ఎక్కడ మాట్లాడినా ఆ మాట చెప్పాను నేను. మా అన్నయ్య కెమెరా అని."

"ఫోటో కూడా మా అన్నయ్యదని చెప్పావా?"

వాడు గొడుగు పిడి తిప్పుతూ కూర్చున్నాడు. "ఎవరు నొక్కారో నీకు తెలుసు, నాకు తెలుసు. మూడోవాళ్ళ ముందు కొట్టుకోడానికి ఓపిక లేదన్నయ్యా. పేరు నువ్వే ఉంచుకో. నేను దానికోసం రాలేదు."

"మరి దేనికోసం వేంచేశారో?"

"మీ మరదలు వాళ్ళక్కని చూడాలంటోంది. దానికి మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేదు. వదిన్ని ఒక్క పూట పంపించు. ఆ పూట నేను ఇంట్లో ఉండనులే."

నేను తొందరపడలేదు. ఇలాంటి క్షణాన్ని గబుక్కున మింగకూడదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "ప్రదర్శనకి తీసుకురా. నా పేరున్న ఫోటో కింద నిలబెట్టు. అక్కడ కనిపిస్తుంది వాళ్ళక్క," అన్నాను.

వాడు లేచాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది! వంటింటి వైపు తిరిగి, "వెళ్ళొస్తా వదినా," అన్నాడు.

"మంచిది," అని వినిపించింది లోపల్నుంచి.

ముప్ఫై ఒక్కేళ్ళలో ఆవిడ వాడితో అన్న మొదటి మాట. నా అనుమతి లేకుండా అన్నది.

మార్చి 18

క్షవరం చేయించుకున్నాను. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. ప్రదర్శన ఆగిపోతే తొడుక్కునే పని ఉండదు. ఆగకపోయినా బాగుండునని కూడా ఉంది. వాడి మొహం చూడాలి కదా.

మార్చి 19

మంచం కింది పెట్టెలు లాగాను. నెగెటివ్‌లన్నీ మా ఆవిడే సర్దేది. ప్రతి కవరు మీదా ఆవిడ గుండ్రటి అక్షరాలు. సంవత్సరం, చోటు, కెమెరా. ఏదైనా ఫోటో చెడిపోతే దాని నంబరు పక్కన 'పాడైంది' అని. ఆ రోజుల్లో రంగుల ఫిల్ము మేం కడగలేకపోయేవాళ్ళం. పెద్ద లాబ్‌కి పంపితే రెండు వారాలకి వచ్చేది. మిల్లు రోలు వచ్చేసరికి ఫ్లాష్ పేరు మొదటి పేజీకెక్కి కూర్చుంది. "నాకు చూపించొద్దు, లోపల పడెయ్యి" అన్నాను. పడేసింది.

దొరికింది. 'మిల్లు గేటు. జంటగాటు. రంగులు. 22 పాడైంది.'

నెగెటివ్‌లు చూసే లైట్ పెట్టె మీద పరిచాను.

22 పాడవలేదు.

మార్చి 20

వాన. కరెంటు లేదు. లైట్ పెట్టె వెలగలేదు. మంచిదే.

మార్చి 21

పాడైంది అని రాసి ఉంది కదా. రాసిన మనిషికి ఏదో తెలిసే రాసి ఉంటుంది. పాడైందనే అనుకోవాలి.

కత్తెర రెండో డ్రాయరులో ఉంది.

మార్చి 22

రాస్తాను. నాకోసమే కదా రాస్తున్నది. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెవరితో ఆడనట్టు?

రంగుల నెగెటివ్ నారింజ తొక్కలా ఉంటుంది. అందులో అన్నీ తలకిందులు. తెలుపు నల్లగా, ఎరుపు నీలం కలిసిన ఆకుపచ్చగా. నలభై ఏళ్ళు చూసిన కంటికి అది చదవడం పెద్ద పని కాదు. 22లో మిల్లు గేటు ఉంది. ఊచలకి అటూ ఇటూ ఆ మొగుడూ పెళ్ళాం ఉన్నారు. మధ్యలో క్యారియర్ ఉంది. వాళ్ళకి నాలుగడుగుల దూరంలో ఒక మనిషి దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని, మోచెయ్యి బయటికి పెట్టి, కెమెరా కంటికి ఆనించి ఉన్నాడు. కెమెరా బెల్టు మెడ దగ్గర ఆకుపచ్చగా మెరుస్తోంది. అంటే నిజంలో ఎర్రగా. మా ఆవిడ కుట్టిన గుడ్డ.

అప్పుడు వాడికి తలనిండా జుట్టుంది.

ఈ ఫోటో తీసినవాణ్ణి నేను. రోడ్డుకి అవతలి పక్క, ఏదో దుకాణం బెంచీ ఎక్కి తీశాను. రంగుల్లో తెస్తే ముఖచిత్రం సంగతి ఆలోచిస్తామని వారపత్రికవాళ్ళు అన్నారు. జెండాలన్నీ పడాలి, జనమంతా పడాలి అని వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళాను. వెళ్తూ ఒంటిగాటు వాడి మెడలో వేసి, "నువ్వు నొక్కుతూ ఉండు" అన్నానా? గుర్తులేదు. పై మాట రెండుసార్లు కొట్టేసి మూడోసారి ఉంచాను.

రెండు కెమెరాలు మోసేవాడు గొప్పగా చెప్పుకుంటాడు, ఏ క్షణం వచ్చినా నా దగ్గర సిద్ధంగా ఒకటి ఉంటుందని. ఆ క్షణం ఏదో ఒకదాంట్లోకే వస్తుంది. ఆ రోజు నా చేతిలో ఉన్నది రెండోది.

మా ఆవిడ వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"22 చూశాను."

"పెట్టె లాగినప్పుడే అనుకున్నా."

"పాడైందని రాశావు."

"చూపిస్తే పాడయ్యేది కదా."

"ఏది?"

"మీరు." కాయలు తీస్తూనే ఉంది. "ఆ నెల మీరు కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు. సవతులిద్దర్నీ అటకెక్కించారు. వాడు దొంగ వెధవ అనుకున్నప్పుడే మీకు కాస్త ఓపిక వచ్చేది. తిట్టడానికైనా లేచి నిలబడేవారు. అదీ తీసేస్తే ఇంకేం మిగులుతుందని?"

"కత్తిరించి పారేయలేకపోయావా మరి?"

"కత్తెర తీశానండీ. ఫోటో బాగుంది. చెయ్యి రాలేదు."

"మీ చెల్లెలు?"

ఆవిడ చెయ్యి అప్పుడు ఆగింది.

"ఒక్క నెల అనుకున్నాను. నెలలో చల్లారతారని." ఇంకో నాలుగు కాయలు తీసింది. "మీరింత పట్టుదల మనిషని అప్పటికి నాకు పూర్తిగా తెలీదు."

లేచి వచ్చి ఇది రాస్తున్నాను. పొద్దున్నించీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెతుక్కుంటున్నాను. కాసేపు ఆవిడ మీద తెచ్చుకున్నాను, నిలవలేదు. తిరిగి తిరిగి ఫ్లాష్ మీదికే వస్తోంది. వాడు దొంగ కాకపోవడం, వాడు నాకు చేసిన ద్రోహాలన్నిట్లోకీ పెద్దది.

మార్చి 23

కత్తెర బల్ల మీద పెట్టుకుని పొద్దున్నంతా కూర్చున్నాను. ఒక్క కోత చాలు. ఫ్లాష్ నోరెత్తడు. మా ఆవిడ నోరెత్తదు. ఫోటో నాదైపోతుంది. నేను పోయాక కూడా నాదే.

అక్కడే వచ్చింది చిక్కు. వాడు లాక్కుంటే లాక్కోవచ్చు, కొట్లాడితే కొట్లాడవచ్చు. "పేరు నువ్వే ఉంచుకో" అన్నాడు. అంటే వాడు ఇస్తున్నాడు, నేను పుచ్చుకుంటున్నాను. బతికున్నన్నాళ్ళూ ఆ ఫోటో చూసినప్పుడల్లా, అది వాడు నా జోలెలో వేసిందని నాకూ వాడికీ తెలుస్తూ ఉంటుంది. వాడి భిక్ష నాకు అక్కర్లేదు. మొహాన విసిరికొడతాను.

ఇది మంచితనమని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ. ఇది కూడా కక్షే.

మార్చి 24

నెగెటివ్ కవరులో పెట్టి, బస్సెక్కి ప్రదర్శన హాలుకి వెళ్ళాను. ఆ పిల్ల నిచ్చెన మీద ఉంది. దిగి వచ్చి కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

"తాతగారూ, అంటే..."

"అంటే ఏమిటో అందులోనే ఉంది. ఆకుపచ్చగా ఉన్నది ఎరుపు."

"మరి మీ ఉత్తరం?"

"చించెయ్యమ్మా. వద్దు, ఇలా ఇవ్వు. నేను చించుతాను."

చించాను. భవదీయుడు ఒక ముక్కలో, నా సంతకం ఒక ముక్కలో వచ్చాయి. ఆ పిల్ల నన్ను మెచ్చుకునేలా కనిపించింది. అవకాశం ఇవ్వకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. "చొక్కా ఇస్త్రీ అయి వచ్చింది," అంది.

ఏప్రిల్ 2

ప్రారంభం. పొద్దున పదింటికి. మైకులో ముగ్గురు పెద్దమనుషులు మాట్లాడారు. ముగ్గురూ వెలుతురు గురించే మాట్లాడారు, హాల్లో మాత్రం సగం దీపాలు వెలగలేదు.

క్యారియర్ ఫోటో మధ్య గోడ మీద పెట్టారు. కింద వాడి పేరు. పక్కనే, అంతే సైజులో, 22. కింద నా పేరు. 'అదే క్షణం, రోడ్డుకి అవతలి నుంచి' అని ఆ పిల్ల రాయించింది. జనం ఒకటి చూసి, రెండోది చూసి, మళ్ళీ మొదటిది చూస్తున్నారు. నాది చూసి ఆగినవాళ్ళు తక్కువ. నేను చూశాను.

ఫ్లాష్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇద్దరం గోడ వైపే చూస్తున్నాం.

"ఉత్తరం రాశావటగా?"

"రాశాను."

"బాగా తిట్టావా?"

"అందులో కాదు. దానికి ముందు మూడు రాసి పారేశాను. అవి బాగా వచ్చాయి."

"అయ్యో, దాచాల్సింది." ఇంకాస్త దగ్గరికి జరిగి 22ని పైనుంచి కింది దాకా చూశాడు. "అన్నయ్యా, ఫోకస్ నా మీద లేదు. గేటు మీదుంది."

"నీ మీద పెట్టాలని ఎవడనుకున్నాడు?"

"ముప్ఫై ఒక్కేళ్ళకి గోడ మీదికెక్కించావు, అదీ మసగ్గా."

"సంతోషించు."

నాలుక చివరకి ఇంకో మాట వచ్చింది. చిన్న మాటే. వాడు కూడా దానికోసం ఆగినట్టే ఉన్నాడు. నేను అనలేదు. ఇక్కడ రాసుకున్నంత మాత్రాన అన్నట్టు కాదని తెలుసు, అందుకని ఇక్కడా రాయను.

మా మరదలు చేతికర్రతో వచ్చింది. మా ఆవిడ తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడుస్తారని నేనూ ఫ్లాషూ ఇద్దరం అటు వెళ్ళకుండా స్తంభం పక్కన నిలబడ్డాం.

"జుట్టుకి రంగేస్తున్నావా?" అంది మా ఆవిడ.

"నువ్వెందుకెయ్యవే? ముసలిదానిలా ఉన్నావు," అంది మరదలు.

"ముసలిదాన్నే కదే."

"అయితే జరుగు."

ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. ఫోటోలు చూడలేదు. హాలు మూసేవరకూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో మా ఇద్దరికీ వినపడలేదు.

ఐదింటికి ఫ్లాష్ ఆటో పిలిచాడు. మా ఆవిడ నా దగ్గరికి వచ్చి, "నాలుగు రోజులుండి వస్తాను," అంది. అడగలేదు, చెప్పింది. ఆటోలో ముగ్గురికి చోటుంది. నలుగురికి లేదని ఎవరూ అనలేదు. నేనే అన్నాను.

ఆరింటి బస్సుకి ఇంటికొచ్చాను. పొద్దున కాచకుండా పొయ్యి మీద మరిచిపోయిన పాలు విరిగిపోయాయి. పారబోసి, గిన్నె కడిగి బోర్లించాను.